ఒక్క సంచి రక్తంతో నిజంగా ఎవరి బతుకైనా మారుతుందా?

కొత్తదాత:
రక్తం ఇవ్వడం అలవాటు చేసుకుందామనుకుంటున్నానండి. పెద్ద ప్రమాదం జరిగినప్పుడు పరుగెత్తి ఇవ్వడం మేలా, మామూలు రోజుల్లోనా? ఒక్క సంచితో ఎవరికైనా ఒరిగేదుందా, లేక మన తృప్తికేనా? బరువు 58 కిలోలు, జబ్బులేం లేవు. సూది చూస్తే మాత్రం దడ.

సెంట్రిఫ్యూజ్:
మామూలు రోజుల్లోనే ఇవ్వండి. ప్రమాదం జరిగిన మొదటి గంటల్లో ఎక్కించేది, అప్పటికే పరీక్షలు పూర్తయి ఫ్రిజ్‌లో ఉన్న రక్తం. పైగా వందలమంది ఒకే రోజు ఇస్తే వాటన్నిటికీ గడువు కూడా ఒకేసారి తీరుతుంది. ఇచ్చిన రక్తాన్ని మూడు భాగాలుగా విడదీసి దాస్తారు. ఎర్రకణాలు 2–6 డిగ్రీల దగ్గర, సంచిలోని ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు ఉంటాయి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు 20–24 డిగ్రీల్లో, ఎప్పుడూ ఊగుతుండే అర మీద, మామూలుగా 5 రోజులే. ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, మైనస్ 18 కంటే చల్లగా గడ్డకట్టిస్తే ఏడాది.

ఇక బతుకు మారడం అంటారా, తలసీమియా మేజర్ (ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారవని పుట్టుజబ్బు) ఉన్న పిల్లల్ని చూడండి. 2–4 వారాలకోసారి రక్తం ఎక్కాలి. అందకపోతే ఆ జబ్బు చిన్నప్పుడే ప్రాణం తీస్తుంది. క్రమంగా రక్తం, దాంతోపాటు ఒంట్లో పేరుకునే ఇనుమును బయటికి పంపే మందులు అందితే చదువు, ఉద్యోగం, పెళ్లి దాకా వెళ్తారు. సంచి పది రోజులు ఆలస్యమైతే పిల్లవాడు మెట్లెక్కడానికే ఆయాసపడతాడు, బడి పోతుంది. ఏ విశేషమూ లేని మంగళవారం నాడు ఎవరో ఇచ్చిన రక్తమే వీళ్లకి ఆధారం.

సూదిపోటు:
దడ సంగతి నేను చెప్తా. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, అలాగని నూనె ఓడే తిండి తిని కూడా వెళ్లొద్దు. కొవ్వు ఎక్కువైతే ప్లాస్మా పాలలా తెల్లబడుతుంది, పరీక్షలకు అడ్డమొస్తుంది, చివరికి పారబోయాల్సి వస్తుంది. ఇచ్చేముందు అరగంటలో అర లీటరు నీళ్లు తాగండి.

సూది లావుగా, 16 గేజ్ ఉంటుంది. సన్నదైతే ధార నెమ్మదించి సంచిలో గడ్డలు కడతాయి. 450 మి.లీ. సంచిలో గడ్డకట్టనివ్వని ద్రావణం 63 మి.లీ. ముందే పోసి ఉంటుంది కానీ, ధార ఆగి ఆగి వస్తే అదీ కాపాడలేదు. బంతి నొక్కుతూ ఉండమనేది అందుకే. మొత్తం పని 8–10 నిమిషాలు.

కాళ్లు మెలేసి, తొడలు 5 సెకన్లు బిగించి వదులుతూ ఉండండి. కాళ్లలో నిలిచిన రక్తం పైకొస్తుంది, బీపీ ఒక్కసారిగా పడదు. చెమట, ఆవలింత, చెవుల్లో హోరు మొదలైతే మొహమాటం లేకుండా చెప్పేయండి.

సూది తీశాక చాలామంది మోచెయ్యి మడుస్తారు. అదే తప్పు. దూది జారి, రక్తం చర్మం కిందకి చేరి నల్లగా కములుతుంది. చెయ్యి చాచి, కాస్త పైకెత్తి, 3–5 నిమిషాలు గట్టిగా నొక్కిపట్టాలి. ఆ రోజు ఆ చేత్తో బరువులు వద్దు.

ఎర్రకణం:
పైన చెప్పినదానికి కొన్ని చేర్పులు. “ఒక్క సంచి, మూడు ప్రాణాలు” అనే పోస్టర్ మాట సగమే నిజం. మూడు భాగాలు చేస్తారు, నిజమే. కానీ పెద్దవాళ్లకి ఒక డోసు ప్లేట్‌లెట్ల కోసం 4–6 సంచులవి కలపాలి. అందుకే ఒక్కరు ఒక్కసారి ఇవ్వడం కన్నా నలుగురు వంతులు వేసుకుని ఇవ్వడం పనికొస్తుంది.

సొంత తోబుట్టువుకో బిడ్డకో నేరుగా ఇస్తామని పట్టుబట్టకండి. దగ్గరి రక్తసంబంధీకుల తెల్లకణాలు రోగి ఒంట్లో నిలిచి అతని మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే గాని ప్రాణాంతకం, తప్పనిసరైతే ఆ రక్తానికి రేడియేషన్ ఇవ్వాలి.

ఇచ్చిన ఒకట్రెండు రోజుల్లో జ్వరం వస్తే బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేయండి, సంచి ఆపేస్తారు. ఈ ఫోన్ కూడా దానమే అనుకోండి.

కొత్తదాత:
చాలా థ్యాంక్సండి. హిమోగ్లోబిన్ 12.3 ఉందని వెనక్కి పంపితే?

ఎర్రకణం:
చాలాచోట్ల గీత 12.5, కొన్నిచోట్ల మగవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. బతిమాలుకోవద్దు. 450 మి.లీ.తో 200–250 మి.గ్రా. ఇనుము పోతుంది. నీటి భాగం ఒకట్రెండు రోజుల్లో, కణాలు వారాల్లో భర్తీ అవుతాయి, ఇనుము నిల్వకి మాత్రం నెలలు పడుతుంది. ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్తేనే మాత్రలు వేసుకోండి. మళ్లీ గీత దాటాకే వెళ్లండి.