గెట్టు పంచాయితీల పాస్టరు కూసోవచ్చునా?

దేవరకొండ పిలగాడు:
మా నాయిన, చిన్నాయిన ఇద్దరిదీ ఒకే మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం. గెట్టు మీది యాపచెట్టు కొట్టేసిన కాడ మొదలైన లొల్లి 2 గుంటల దాకా వచ్చింది. ప్రభు బల్ల (అందరం కలిసి రొట్టె, ద్రాక్షరసం తీస్కునుడు) ఉన్న ఆదివారం చిన్నాయిన గుడికే రాడు. పాస్టరయ్య మధ్యల కూసుంటనంటుండు. నాయినేమో "దేవునికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే అని రాసుంటే ఈయనెవరు" అంటుండు. కోర్టుకే పోవాల్నా?

వనపర్తి మాస్టరు:
తిమోతికి రాసిన ఆ మాట రక్షణ గురించి, గెట్టు గురించి కాదు తమ్మీ. మత్తయి 18 చూడు. ముందు ఒంటరిగా పోయి మాట్లాడాలె, వినకుంటే ఒకరిద్దరిని తోడు తీస్కపోవాలె, ఆ తర్వాతనే సంఘం. మీ నాయిన ఒక్కడే చిన్నాయిన ఇంటికి పోయిండా?

నల్లగొండ వకీలు:
లూకా 12 కూడా చూడున్రి. మా అన్నను ఆస్తి పంచియ్యమని చెప్పు అని ఒకడొస్తే, నన్ను మీకు పంచేటోనిగ ఎవరు పెట్టిన్రు అని ఏసయ్యనే తప్పుకున్నడు. కొలిచేది సర్వేయరు. లోక్ అదాలత్‌ల రాజీ పడితే 1987 న్యాయసేవల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, అప్పీలు లేదు. కేసు అప్పటికే కోర్టుల ఉంటే కట్టిన ఫీజు వాపస్ వస్తది. పాస్టరు ముంగట తెల్లకాగితం మీద రాసుకున్నదానికి రేపు ఏం విలువ?

గద్వాల ఆడబిడ్డ:
నాకు మధ్యవర్తి అంటేనే వణుకు. బావ కొట్టిన తెల్లారి సంఘ పెద్దలు మా అక్క ఇంటికొచ్చిన్రు. చాపేసుకోని కూసున్నరు. చాయ్ అక్కతోనే పెట్టించిన్రు, పెదవి ఇంకా వాచే ఉంది. క్షమించమన్నరు. బావనైతే ఒక్క మాట అడగలే.

వనపర్తి మాస్టరు:
అమ్మా, దాన్ని నోరు మూయించుడంటరు. అసుంటప్పుడు పోలీసు టేషనుకే పోవాలె, వాక్యం అడ్డమేం కాదు. బైబిల్ల యోబు, దేవునికీ తనకూ నడుమ మధ్యవర్తి లేడని ఏడ్సినప్పుడు అడిగింది ఇద్దరి మీదా చెయ్యి పెట్టగలిగేటోన్ని. ఆ పెద్దల చెయ్యి మీ అక్క నెత్తి మీదనే పడ్డది.
వకీలు సాబ్, డిక్రీతోని గెట్టు తెగుతది, ఒప్పుకుంట. అన్నదమ్ములు మాట్లాడుకుంటరా? నేనైతే ఫిలేమోను పత్రికను, అంటే పౌలు ఫిలేమోనుకు రాసిన ఉత్తరాన్ని, పట్టుకొని చూస్త. బానిస ఒనేసిముకూ యజమాని ఫిలేమోనుకూ నడుమ పౌలు ఉత్త సుద్దులు చెప్పి ఊకోలే. వాడు నీకేమన్న బాకీ ఉంటే నా లెక్కల రాస్కో, నేను కడత అని సొంత చేతితోని రాసిండు. మన దిక్కు పెద్దమనుషులు చానమంది కట్టుడు కాదు, రెండు దిక్కులా వసూలు జేస్తరు (నేనూ ఒకసారి అట్ల తాగిన చాయ్ ఉంది, అబద్ధమెందుకు). మీ పాస్టరయ్య ఏం పోగొట్టుకోవడానికి తయారున్నడో అడుగు తమ్మీ.

దేవరకొండ పిలగాడు:
నాయినకు అంతా సదివి వినిపించిన. ఏమనలే. చెప్పులేసుకుంట "ఈ టయానికి వాడు బర్ల కాడుంటడు" అన్నడు. నేనూ వస్తనంటే వద్దన్నడు.
వకీలన్నా, సర్వేయరుకు దరఖాస్తు ఎట్ల పెట్టాలె?