‘బొమ్మ రావడం లేదు’, ‘బొమ్మ రాదు’: ఈ రెండూ ఒకటేనా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను బెంగళూరులో, బెళ్లందూరు దగ్గర ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసే పనిలో ఉన్నాను. మా దగ్గర పనిచేసేవారిలో సగం మంది అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చినవారే. అందువల్ల ల్యాప్‌టాప్‌కు రెండు మానిటర్లు తగిలించుకున్నప్పుడు వచ్చే చిక్కుల గురించి తెలుగులో ఒక పేజీ రాసి ప్రతి బల్ల దగ్గరా అంటించమని మా పైవారు చెప్పారు. రాయడానికి కూర్చున్నాక మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

పోయిన వారం మా ఆఫీసు అమ్మాయి ఒకరు ఫోన్ చేసి, ‘అన్నా, రెండోదాంట్లో బొమ్మ రావడం లేదు’ అని చెప్పింది. కేబుల్ ఊడదీసి పెట్టమన్నాను. డాక్‌కు (ల్యాప్‌టాప్‌కు ఒకే తీగతో మానిటర్లనూ మిగతావాటినీ కలిపే పెట్టెకు) కరెంటు తీసేసి అర నిమిషం ఆగి మళ్లీ ఇమ్మన్నాను. మానిటర్ కింది బటన్ నొక్కి, అది హెచ్‌డీఎంఐ సాకెట్ మీద ఉందో, డిస్‌ప్లేపోర్ట్ సాకెట్ మీద ఉందో చూడమన్నాను. అరగంట గడిచాక విసుగొచ్చి ఆమె బల్ల దగ్గరికే వెళ్లి చూస్తే, రెండు మానిటర్లూ నిక్షేపంలా వెలుగుతున్నాయి. రెండింటిలోనూ అదే ఎక్సెల్ పట్టిక, అదే గడి మీద అదే మౌసు బాణం. ఆమెది మ్యాక్‌బుక్. పక్క బల్ల మీది విండోస్ ల్యాప్‌టాప్‌ను తెచ్చి అదే డాక్‌కు తగిలిస్తే, రెండు మానిటర్లలో రెండు వేరువేరు బొమ్మలు వచ్చాయి.

ఆమె అబద్ధం చెప్పలేదు. తాను కోరిన రెండో బొమ్మ రావడం లేదనే ఆమె ఉద్దేశం. నేనేమో అసలు వెలుగే రావడం లేదని అర్థం చేసుకున్నాను. ఈ ఒక్క మాట ఇన్ని అర్థాలు మోస్తూ ఉంటే కాగితం మీద ఏమని రాయాలి? దానితోపాటు, రెండు మానిటర్లలో ఒకే బొమ్మ చూపే డ్యూప్లికేట్‌కూ, రెండింటినీ కలిపి ఒకే పెద్ద చోటుగా చేసే ఎక్స్‌టెండ్‌కూ వాడదగిన మాటలు చెప్పండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఉండే డిటెక్ట్, ఐడెంటిఫై అనే రెండు బటన్లనూ నేను ‘గుర్తించు’ అనే రాసుకున్నాను. అది తప్పని తెలుస్తూనే ఉంది.

మొదటి జవాబు

మీ చిక్కు నామవాచకాలలో లేదు, క్రియలో ఉంది. మనవాళ్లు ‘రావడం’ అనే క్రియతో నీళ్లనూ, కరెంటునూ, సిగ్నల్‌నూ, జీతాన్నీ, చదువునూ కూడా చెప్పుకుంటారు. అయితే ఆ క్రియకు మూడు వ్యతిరేక రూపాలున్నాయి: రాలేదు, రావడం లేదు, రాదు. మాట్లాడేటప్పుడు మనం వీటిని పొరపాటున కూడా ఒకదాని బదులు మరొకటి వాడం. ‘ఈరోజు నీళ్లు రాలేదు’ అన్నవాడు రేపటి మీద ఆశ పెట్టుకున్నవాడు. ‘వారం రోజులుగా నీళ్లు రావడం లేదు’ అన్నవాడు గొట్టం ఎక్కడో పగిలిందని అనుమానిస్తున్నవాడు. ‘మా మూడో అంతస్తుకు నీళ్లు రావు’ అన్నవాడు మోటారు శక్తి అంతేనని తెలుసుకుని బిందెలు కొనుక్కున్నవాడు. వ్యాకరణంలో తద్ధర్మార్థకమని చెప్పే అర్థం ఈ చివరిదానిలో ఉంది: అది ఆ వస్తువు ధర్మం, దానిమీద అలిగి లాభం లేదు. ‘నాకు ఈత రాదు’ అన్నప్పుడు వినబడేదీ ఇదే.

మీ మానిటర్ల చిక్కులు ఈ మూడు రూపాల కిందికి ఇంచుమించు పూర్తిగా సర్దుకుంటాయని నాకు అనిపిస్తున్నది.

తగిలించగానే బొమ్మ ‘రాలేదు’ అంటే చాలాసార్లు ఏదీ చెడిపోలేదని అర్థం. మానిటర్ వేరే సాకెట్ వైపు చూస్తూ ఉంటుంది, లేదా డాక్‌కు కరెంటు అంది ఉండదు, లేదా కేబుల్ సగమే లోపలికి దిగి ఉంటుంది. ఇది ఫోన్‌లోనే తీరే పని.

నిన్నటిదాకా వచ్చి ఇవాళ ‘రావడం లేదు’ అంటే ఏదో మారిందన్నమాట. కేబుల్ దెబ్బతిన్నదో, డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) మారిందో, డాక్ బిగుసుకుపోయిందో చూడాలి. ఇక్కడ మీరు చెప్పిన అర నిమిషం ఆగడం సరైన చికిత్సే. ఒక్కొక్కటే మార్చి చూడాలి. కేబుల్, సాకెట్, మానిటర్ మూడూ ఒకేసారి మారిస్తే బొమ్మ వస్తుంది గానీ దోషం ఎక్కడుందో తెలియదు. దీనికి తోబుట్టువు లాంటిది ‘వచ్చి పోతోంది’. మానిటర్ మీద బొమ్మ కొత్తగా పడే వేగం సెకనుకు 60 సార్లుగా ఉన్నదాన్ని సెట్టింగ్స్‌లో 30కి తగ్గించగానే బొమ్మ నిలకడగా నిలిస్తే, ఆ కేబుల్ అంత బరువు మోయలేకపోతున్నదని అనుమానించవచ్చు. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ ఈ బాధ పెరుగుతుంది.

అసలు గొడవంతా ‘రాదు’ దగ్గర ఉంది. యూఎస్‌బీ సీ సాకెట్ ఉన్నంత మాత్రాన దానినుంచి బొమ్మ రావాలని లేదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ సాకెట్ చార్జింగ్‌కూ, ఫైళ్లు పంపుకోవడానికీ మాత్రమే పనికివస్తుంది. దానికి బొమ్మ రాదు. డిస్‌ప్లేపోర్ట్‌ను హెచ్‌డీఎంఐకి మార్చే మామూలు కేబుల్‌ను తిరగేసి తగిలిస్తే బొమ్మ రాదు, ఎందుకంటే అది ఒకవైపే నడిచే దారి. ఆపిల్ వారి ఎం1 చిప్‌తో 2020లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కు బయటి మానిటర్ ఒక్కటే వస్తుంది, రెండోది రాదు. ఎం3 ఎయిర్‌కు మూత మూసి ఉంచితే రెండోదీ వస్తుంది. ఎం4 ఎయిర్‌కు మూత తెరిచి ఉన్నా రెండూ వస్తాయి.

మీ అమ్మాయి సంగతి ఇందులోదే. ఒకే తీగలో రెండు మూడు బొమ్మల ధారలను వేరువేరుగా పంపే పద్ధతిని మల్టీ స్ట్రీమ్ ట్రాన్స్‌పోర్ట్ అంటారు. అది డిస్‌ప్లేపోర్ట్ 1.2తో 2010లో వచ్చింది. విండోస్ ఆ పద్ధతిని వాడుకుని డాక్‌కు ఉన్న రెండు సాకెట్లకూ రెండు ధారలు పంపుతుంది. మ్యాక్ అలా విడదీయదు; అటువంటి డాక్ ద్వారా ఒకే ధారను పంపుతుంది, డాక్ దాన్నే రెండు మానిటర్లకూ పంచుతుంది. అందువల్ల కేబుల్ ఎన్నిసార్లు ఊడదీసి పెట్టినా రెండోదాంట్లో వేరే బొమ్మ ‘రాదు’. ఆమె ‘రావడం లేదు’ అనడంలో, మీరు దాన్ని నమ్మి అరగంట తిప్పలు పడటంలో జరిగిన పొరపాటు ఇదే: స్వభావాన్ని జబ్బు అనుకున్నారు. ఆమె మ్యాక్‌కు రెండు మానిటర్లను నడిపే శక్తి ఉంటే రెండో మానిటర్‌ను మరో సాకెట్‌కు నేరుగా తగిలించవచ్చు, లేదా థండర్‌బోల్ట్ అనే వేగవంతమైన కనెక్షన్‌తో పనిచేసే డాక్ వాడవచ్చు. ఆ శక్తి లేకపోతే సాఫ్ట్‌వేర్ సాయంతో బొమ్మను పంపే డిస్‌ప్లేలింక్ రకం డాక్ తీసుకుని, దాని సాఫ్ట్‌వేర్‌ను మ్యాక్‌లో వేసుకోవాలి.

వేరువేరు చోట్ల తిరిగితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మీ ఊళ్లోనే ఎస్పీ రోడ్డులో రిపేరు చేసేవారిని అడగండి. ‘బర్తిల్ల’ (రావడం లేదు) అంటే విప్పి చూస్తారు, ‘బరల్ల’ (రాదు) అంటే వస్తువు మీకు తిరిగి ఇచ్చేస్తారు. కన్నడంలోనూ మనలాగే ఈ రెండూ వేరు.

ఇక మాటలు. డ్యూప్లికేట్‌కు ‘ప్రతిబింబం’ అని రాసినవారిని చూశాను. అద్దంలో కుడి ఎడమవుతుంది, మానిటర్లో కాదు, కాబట్టి నాకు నచ్చదు. తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి వచ్చినవారందరికీ ‘నకలు’ తెలుసు, అది చాలు. ఎక్స్‌టెండ్‌కు ‘విస్తరణ’ అంటే మంత్రివర్గం గుర్తుకు వస్తుంది. ‘పొడిగింపు’ అంటే గడువు గుర్తుకు వచ్చినా, దర్జీ పావడా అంచు విప్పి పొడిగించినట్టు ఉన్నదానికే కొంత కలపడమనే భావం అందులో ఉంది. ‘పక్కకు పొడిగించు’ అనండి. డిటెక్ట్‌కు ‘పసిగట్టు’ అనే మాట ఉండగా ‘గుర్తించు’తో పని లేదు; తగిలించి ఉన్న మానిటర్ ఎక్కడుందో వాసన పట్టి కనిపెట్టడమే కదా అది చేసేది. ఐడెంటిఫై నొక్కితే ఒక్కొక్క మానిటర్ మీదా 1, 2, 3 అని పెద్ద అంకెలు పడతాయి కాబట్టి ‘అంకె చూపు’.

రెండో జవాబు

పై వివరణ బాగుంది గానీ, ‘బొమ్మ’ను ఇంత తేలికగా వదిలేశారేమని అడుగుతున్నాను. సినిమా హాల్లో ‘బొమ్మ పడింది’ అంటాం, ఇంట్లో టీవీకి ‘బొమ్మ వచ్చింది’ అంటాం. వెనకనుంచి వెలుతురు వచ్చి తెర మీద పడుతుంది కాబట్టి అక్కడ పడటం, పెట్టె లోపలినుంచే వెలుగుతుంది కాబట్టి ఇక్కడ రావడం. ఎవరూ నేర్పకుండానే జనం చేసుకున్న ఈ విభజన ముచ్చటగా ఉంది. అందుకే మానిటర్‌ను ‘తెర’ అని రాయవద్దని నా మనవి. తెర తీశారు, తెర దించారు, తెరవెనుక, దోమతెర: మన తెర ఎక్కువగా దాచేది, అడ్డుపడేది. ‘తెర తీయగ రాదా’ అని త్యాగరాజు వేంకటరమణుణ్ణి వేడుకున్నది కూడా మచ్చరమనే (అసూయ అనే) తెరను తీసెయ్యమనే. వెండితెర, బుల్లితెర వచ్చాక చూపేదానికీ ఆ పేరు పెట్టుకున్నాం, నిజమే. కానీ ‘రెండో తెర తీసేయండి’ అని మీ కాగితంలో ఉంటే, సెట్టింగ్స్‌లో ఆపమంటున్నారో, బల్ల మీదినుంచి మానిటర్‌ను ఎత్తెయ్యమంటున్నారో తెలియక చదివేవాడు మళ్లీ మీకే ఫోన్ చేస్తాడు. వస్తువుకు ‘మానిటర్’, అందులో కనబడేదానికి ‘బొమ్మ’ అని ఉంచండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘తెర’ను కొట్టేశాను. ‘నకలు’, ‘అంకె చూపు’ ఉంచుకున్నాను. ‘పసిగట్టు’ చదివి మా పైవారు నవ్వారు గానీ, మార్చమనలేదు.

ఒక్క చోట మాత్రం మొదటి జవాబుతో విభేదిస్తాను. ఫోన్ చేసేవారికి అది స్వభావమో జబ్బో ముందే తెలియదు. తెలిస్తే ఫోన్ చేయరు. కాబట్టి రాదు, రావడం లేదు అనే తేడాను వారు పాటించాలని కాగితంలో రాయలేను. అది జవాబు చెప్పే నేను తేల్చవలసినది. వారిని అడగవలసినవి మూడే అని నిర్ణయించుకుని కాగితం పైభాగాన ఇలా రాశాను: ‘మానిటర్ వెలుగుతోందా? వెలిగితే, పక్క మానిటర్‌లో ఉన్న బొమ్మే ఉందా, వేరే బొమ్మ ఉందా? ఈ ల్యాప్‌టాప్‌కే, ఈ డాక్ మీదే ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?’

నిన్న సాయంత్రం ఒకరు ఆ కాగితం చూసి ఫోన్ చేశారు. ‘అన్నా, వెలుగుతోంది, వేరే బొమ్మే ఉంది, నిన్న కూడా వచ్చింది. కానీ మౌసు కుడివైపు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతోంది’ అన్నారు. ‘అంకె చూపు’ నొక్కమంటే, కుడివైపు మానిటర్ మీద 2 పడింది. సెట్టింగ్స్‌లో మాత్రం 2 ఎడమవైపు ఉంది. దాన్ని లాగి కుడివైపు పెట్టమన్నాను. మొత్తం రెండు నిమిషాలు పట్టింది.