అప్‌డేట్: మా చిత్రకారుల సంఘం సమావేశాలకు మళ్ళీ జనం వస్తున్నారు

మా ప్రాంత చిత్రకారుల సంఘం నెలవారీ సమావేశాలకు వచ్చేవారు తగ్గిపోతున్నారని, ఏం చేయాలని నాలుగు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ఉపన్యాసాలు తగ్గించి సభ్యుల చేతికి పని పెట్టమని మీరు సలహా ఇచ్చారు. అలాగే చేశాం.

ఇప్పుడు ప్రతి సమావేశమూ స్కెచింగ్‌తోనే మొదలు. సభ్యులలో ఒకరు మోడల్‌గా నిలబడతారు. ముందు 1 నిమిషం భంగిమలు, తర్వాత 5 నిమిషాలవి, చివరికి 20 నిమిషాలది ఒకటి. ఒక్క నిమిషంలో కనురెప్పలు గీస్తూ కూర్చోలేం. వెన్నెముక వంపునూ, బరువు ఏ కాలిమీద పడుతోందో దాన్నీ ముందు పట్టుకోవాలి. ఏళ్ల తరబడి ప్రకృతి దృశ్యాలే వేసినవారు సైతం బొగ్గు ముక్క పట్టుకుని చిన్నపిల్లల్లా మునిగిపోయారు. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి.

సభ్యుల బొమ్మల గురించి చర్చించేటప్పుడు, ఆ బొమ్మ వేసినవారు ముందు మౌనంగా ఉండాలన్న సలహా అన్నిటికంటే మేలు చేసింది. ఒక సభ్యురాలు ఆకాశం కోసం ఎంతో శ్రమపడ్డారు, కానీ అందరి చూపూ అంచున ఉన్న ముదురు మచ్చ దగ్గరే ఆగింది. ఆమె వివరణతో మొదలుపెట్టి ఉంటే ఆ సంగతి బయటపడేది కాదు.

ప్రదర్శన కూడా పెట్టాం. ప్రతి బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా తగిలించాం, నీటిరంగుల చిత్రాలకు ఎండ పడని గోడ ఇచ్చాం.

ఎంపిక సంగతి మాత్రం తేలలేదు. అందరి బొమ్మలూ పెట్టాలని కొందరు, బయటి చిత్రకారులతో ఎంపిక చేయించాలని కొందరు అంటున్నారు. మీ సంఘాల్లో ఎలా చేస్తున్నారు?