సమస్య: పాల విరుగుడే నెత్తుటం బాఱుచుండె

నిర్వాహకులు (చెన్నై, మైలాపూరు; సభ్యులందరికీ వారి పేట పేరే): ఈ వారం పూరించాల్సింది తేటగీతి చివరి పాదం. ల్యాబువాళ్ళు, డాక్టర్లు ఉన్న గుంపు కాబట్టి ఛందస్సుతో పాటు విషయాన్నీ తూచండి.

మాంబళం:
సీరమనఁగ లాటినులోన క్షీర తేట
నెత్తు రొక గాజు గొట్టాన నిలిచి గడ్డ
కట్ట, పైఁ దేలు బంగారు కాంతి తేట
పాల విరుగుడే, నెత్తుటం బాఱుచుండె

పాలు విరిగాక మిగిలే నీళ్ళకు లాటిను పేరు సీరం. పోలికను బట్టి నెత్తుటి తేటకూ అదే అంటింది.

నిర్వాహకులు: గణాలు, యతి కుదిరాయి. "క్షీర తేట" మాత్రం దుష్టసమాసం, సంస్కృత పదానికి తెలుగు పదం అతికింది. "క్షీరజలము" అంటే యతి చెడదు, తేట రెండుసార్లు రాదు.

పెరంబూరు: వ్యాకరణం సరే, అసలు విషయం జారింది. పారే నెత్తుటిలో కణాలు తేలే ద్రవం ప్లాస్మా. అందులోని ఫైబ్రినోజెన్ అనే గడ్డకట్టించే ప్రొటీను వలగా అల్లుకుని కణాల్ని పట్టేశాక మిగిలిన తేటే సీరం. సీరం కోసం నెత్తురు పట్టిన ఎర్ర మూత గొట్టాన్ని అరగంట కదపకుండా నిలబెట్టాలి. తొందరపడి సెంట్రిఫ్యూజులో (గిరగిర తిప్పే యంత్రంలో) వేస్తే ఆ వల తాలూకు ఫైబ్రిన్ తీగలు మిగిలి, పరీక్ష చేసే అనలైజరు తేటను పీల్చే ప్రోబుకు అడ్డం పడతాయి. సన్న సూదితో బలంగా లాగితే ఎర్రకణాలు పగిలి తేట గులాబీ రంగుకు తిరుగుతుంది, పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. బంగారు కాంతి ఊరికే రాదు!

మాంబళం: ఒప్పుకున్నా. కానీ "పాఱుచుండె" అన్నది సమస్య ఇచ్చినవారు కదండీ.

అడయారు:
రక్తపింజర కాటుకు రక్త మింక
గడ్డ కట్టదు, గుఱ్ఱాల గాత్రమందు
పుట్టి సూదితో దిగినట్టి బుసల విసము
పాల విరుగుడే నెత్తుటం బాఱుచుండె

"పాల" ఇక్కడ పాలు కాదు, విసము పాల విరుగుడు.

పెరంబూరు: విరుపంటే ఇదీ! పింజర విషం ఫైబ్రినోజెన్‌ను ఖర్చుచేసేస్తుంది, ఇక గడ్డ ఎక్కడిది? కాటు విషం ఎక్కిందా అని చూసే పరీక్ష కూడా అదే: శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. నెత్తురు, 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కట్టిందో లేదో ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టేది గాజు గోడే. సబ్బు జాడ మిగిలినా ఫలితం తప్పు. చెన్నై దగ్గరి వడనెమ్మేలిలో, పాములు పట్టే ఇరుళర్ తెగవారి సహకార సంఘం (1978లో మొదలైంది) పిండే విషమే గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కేది. చిన్న సవరణ: ఇప్పుడు సూదితో దిగేది ఆ గుర్రాల పచ్చి సీరం కాదు, ఎంజైము పెప్సిన్‌తో కోసి శుద్ధిచేసిన యాంటీబాడీ ముక్కలు. ఆ మందు పొడిలో 10 మి.లీ. స్టెరైల్ నీళ్ళు పోసి మెల్లగా తిప్పాలి. కుదిపితే నురగే.

నిర్వాహకులు: పుట్టి–బుసల యతి చెల్లుతుంది. "ఇంక" ఊతపదం, "రక్త మసలు" అని మార్చండి.