జైలు చూసొచ్చినవాళ్లకి నిజంగా ఏం తెలుస్తుంది?

లా విద్యార్థి:
పోయిన వారం మా కాలేజీ నుంచి ఒక సెంట్రల్ జైలుకి తీసుకెళ్లారు. బేకరీ, వడ్రంగి షెడ్డు, లైబ్రరీ చూశాం. యావజ్జీవం పడిన ఒకాయన మగ్గం మీద దుప్పటి నేస్తున్నాడు, మేం చుట్టూ మూగితే తలెత్తకుండానే "కాస్త వెలుతురుకి అడ్డం జరగండి బాబూ, పోగు కనబడట్లేదు" అన్నాడు. నేను ఊహించుకున్న ఖైదీకీ ఈయనకీ పోలికే లేదు. లా చదివేవాళ్లూ, కొత్తగా వచ్చే జడ్జీలూ, పోలీసులూ ఒక్కసారైనా లోపలికి వెళ్లి చూడాల్సిందే అని నా అభిప్రాయం. మీరేమంటారు?

సంగారెడ్డి వాసి:
నేను ఒప్పుకోను తమ్ముడూ. మా ఊళ్లో 1796 నాటి పాత జైలుని మ్యూజియం చేసి, 2016లో "ఫీల్ ద జైల్" అని పెట్టారు. అప్పట్లో 500 రూపాయలు కడితే ఖద్దరు బట్టలు, కంచం, గ్లాసు ఇచ్చి ఒక రోజు లోపల ఉంచేవాళ్లు. రేపు ఇదే టైముకి ఇంట్లో ఉంటానని తెలిసినవాడికి జైలు ఏం అర్థమవుతుంది?

షాపు ఓనర్:
నా షాపులో రెండుసార్లు దొంగతనం జరిగింది, రెండుసార్లూ ఒకడే. మొదటిసారి లోపలికెళ్లి వచ్చాకే రెండోది చేశాడు. జైలు చూసొచ్చిన ప్రతివాళ్లూ పాపం ఖైదీలు అంటారు, పోగొట్టుకున్నవాడి ఇంటికి ఒక్కరూ రారు.

ములాఖత్‌కి తిరిగిన అక్క:
అన్నా, మీ కోపం న్యాయమే, కాదనను. నా సంగతి చెప్తా. మా తమ్ముడు రిమాండ్‌లో ఉన్నప్పుడు అమ్మని తీసుకుని వెళ్లేదాన్ని. పొద్దున్నే వెళ్లి పేరు రాయించుకుని ఎండలో కూర్చుంటే మధ్యాహ్నానికి పిలిచేవాళ్లు. మధ్యలో జాలీ, ఇటు పదిమంది అటు పదిమంది ఒకేసారి అరుస్తుంటారు. అమ్మకి చెవుడు, ఆ గోలలో ఒక్క ముక్కా వినబడేది కాదు. చేతివేళ్లు నోటి దగ్గర పెట్టి తిన్నావా అని సైగ చేసేది, వాడు తలూపేవాడు, టైమైపోయేది. బెయిల్ వచ్చాక కూడా వాడు నలభై రోజులు లోపలే ఉన్నాడు, పూచీ ఉండటానికి ఇద్దరు షూరిటీలు దొరక్క. ఇంటి పన్ను రసీదు ఉన్న చుట్టాలెవరూ ముందుకు రాలేదు.

తమ్ముడూ, ఒకటి అడుగుతా. మీకు చూపించిన షెడ్లలో రిమాండ్ వాళ్లు ఎంతమంది?

లా విద్యార్థి:
ఎవరూ లేరక్కా, అందరూ శిక్ష పడినవాళ్లే. రిమాండ్ బ్యారక్‌ల వైపు తీసుకెళ్లలేదు, మాకూ అడగాలని తోచలేదు. మీరడిగాక లెక్కలు తీసి చూశా: 2022 చివరికి దేశం మొత్తం జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే అందులో 4.34 లక్షల మంది కేసు ఇంకా తేలని విచారణ ఖైదీలే. అంటే మేం నలుగురిలో ఒకరిని చూసి మొత్తం జైలు చూశామనుకున్నాం. అయినా వెళ్లడం దండగ అని మాత్రం అనను, వెళ్లబట్టే ఇదంతా ఆలోచిస్తున్నా.

షాపు ఓనర్:
అక్కా, మీ తమ్ముడి విషయం బాధే. కానీ నా షాపు పగలగొట్టినవాడు లోపల ఏం నేర్చుకున్నాడో నాకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

ములాఖత్‌కి తిరిగిన అక్క:
బహుశా ఏమీ నేర్చుకుని ఉండడన్నా. మా వాడున్న బ్యారక్‌లో పనీ లేదు, చదువూ లేదు, పొద్దంతా వాయిదా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడ్డమే. బేకరీ దాకా వాడు వెళ్లనేలేదు.

తమ్ముడూ, మళ్లీ వెళ్తే ఒక్కటి అడుగు: బెయిల్ వచ్చీ బయటికి రానివాళ్లు ఎంతమంది? ఆర్డర్ వచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు, ఉచిత న్యాయ సాయం చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మా తమ్ముడప్పుడు ఆ సంగతి మాకు తెలీదు, చెప్పినవాళ్లూ లేరు. ఆ లిస్టు చూపించమను.

లా విద్యార్థి:
వచ్చే నెల మా లీగల్ ఎయిడ్ క్లినిక్ తరఫున మళ్లీ వెళ్తున్నాం అక్కా. ముందు ఆ లిస్టే అడుగుతా, ఏం చెప్పారో ఇక్కడే రాస్తా.