‘పల్కు దారుణా...’ తర్వాత ఖండనా, ఖండలా?

హన్మకొండ: నన్నయ్య ఉదంకుడి కథలో “నిండు మనంబు నవ్యనవనీత సమానము, పల్కు దారుణా...” తర్వాత ‘ఖండన శస్త్ర’మా, ‘ఖండల శస్త్ర’మా? రెండు రోజులుగా నోట్లో నానుతోంది. పీజీలో మా రూమ్మేట్‌ది ఏటూరునాగారం వైపు పల్లె. వైవాలో “గట్లనే సార్” అన్నది. “ఈ భాషతో పీజీ దాకా ఎట్లా వచ్చినవమ్మా?” అన్నారు సార్. అందరూ నవ్వారు. ఆమె రికార్డు అట్ట మూలను మడిచి మడిచి చింపేసింది. ఆ సెమిస్టరంతా క్లాసులో నోరు విప్పలేదు. ఆ సార్ క్లాసుందంటే ముందురోజు రాత్రి నుంచే టెన్షన్, అన్నం సయించేది కాదు. పరీక్ష ఫీజుకు ఆఖరి రోజున ఆమెకు చెప్పకుండా డబ్బు కట్టింది కూడా ఆ సారే. “ఆయన మనసు వెన్న” అంటూ సీనియర్లు ఈ పద్యమే చదివేవారు.

కాజీపేట: ఖండలే. దారుణ, ఆఖండల. ఇంద్రుడి వజ్రాయుధం.

మంచిర్యాల: ‘ఖండన’ అన్నా ప్రాస చెడదు, గణమూ చెడదు. నరికే ఆయుధమని అర్థం కూడా కుదురుతుంది. మాకు అట్లనే చెప్పారు.

కాజీపేట: అన్నా, ఉత్పలమాల పాదం చివర గురువు పడాలె. ‘ఖండన’ అయితే ‘దారుణ’ దగ్గర లఘువుతో ఆగిపోతుంది. ఆ దీర్ఘం ఆఖండలుడిదే.

జనగామ: మా బమ్మెర పోతన్న దగ్గరా ఇట్లాంటి చిక్కే. ప్రహ్లాదుణ్ణి గురువు కసిరే పద్యం, “పంచశరద్వయస్కుఁడవు బాలుఁడవించుక గాని లేవు”. పంచశర, ద్వయస్కుడు అని విరిచేవాళ్లను చూశాను. శరత్, వయస్కుడు అని విరవాలి, అయిదేళ్లవాడని. అయినా నాకు గుచ్చుకునేది వయసు కాదు, “ఇంచుక గాని లేవు” అన్నది. పిల్లవాణ్ణి నిలబెట్టి ‘ఇంతైనా లేవు’ అనడం! ఆ పిల్లవాడే తర్వాత “చదివించిరి నను గురువులు” అంటాడు, ఒక్క నిష్ఠూరం లేకుండా. పోతన్నకే చెల్లింది.

కరీంనగర్: నన్నయ్య దగ్గరికే వద్దాం. ఆ మాట అన్నది పౌష్యుడనే రాజు, ఉదంకుడికి ఇచ్చిన శాపాన్ని తిప్పుకోలేనని చెబుతూ. సీనియర్లు సగం పద్యమే చదివారు మేడమ్. చివర “విప్రుఁడోపు” అని ఉంది, “శాపము గ్రమ్మఱింపఁగన్” అని ఉంది, శాపాన్ని వెనక్కి తీసుకోవడం బ్రాహ్మణుడికి చేతనవునని. మనసు వెన్నయినవాడు అన్న మాటను వెనక్కి తీసుకోగలడని కదా! మీ సార్ ఫీజు కట్టారు సరే, ఆ మాట క్రమ్మఱించారా?

హన్మకొండ: లేదు. ఫీజు సంగతి ఆమెకు మూడేళ్ల తర్వాత తెలిసింది. “ఆ డబ్బు నేను ఎట్లనన్న తెచ్చుకుందును” అన్నది. ఇప్పుడు బడిలో టీచరు. పిల్లలు తడబడితే “మర్ల చెప్పు బిడ్డా” అంటుంది, అంతే.

మంచిర్యాల: మన ‘మర్ల’ ఆ ‘క్రమ్మఱ’లోంచే వచ్చిందని నా నమ్మకం.

కాజీపేట: ‘మరల’లోంచి అనండి. క్రమ్మఱలో బండి ఱ ఉంది.

మంచిర్యాల: ‘మరల’లో ఉన్నది ఏ ర అన్నా? పాత ప్రతి చూసి చెప్పండి.