కొర్లపహాడ్ టోల్ దగ్గర మా కారుని వెనక నుంచి గుద్దారు. ఎనిమిది వేలు తీసుకుని వదిలేయనా?

పటమట_పిల్ల:

సూర్యాపేట, నకిరేకల్ వైపు మన కార్ల క్లబ్బు వాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చూడండి. పండక్కి బెజవాడ వెళ్లి హైదరాబాద్ తిరిగి వస్తున్నాం. నేను, మా అత్తగారు, ఏడో తరగతి చదివే మా వాడు. కొర్లపహాడ్ టోల్ ఇంకా కిలోమీటరు ఉందనగానే బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. నేను దూరం నుంచే స్లో చేసుకుంటూ హజార్డ్ లైట్లు వేసి ఆగాను. వెనకాల వస్తున్న తెల్ల సెడాన్ ఆగలేదు. ఆ దెబ్బకి నా బండి ముందుకి జరిగి, ముందున్న ఎస్‌యూవీ వెనక తగిలించిన స్టెప్నీని గుద్దింది.

ఎవరికీ దెబ్బలు లేవు. ఎస్‌యూవీ ఆయన దిగి చూసుకుని "మాకేం కాలేదమ్మా" అని వెళ్లిపోయాడు. మాది 2021 ఫిబ్రవరిలో కొన్న 1.2 పెట్రోల్ ఆటోమేటిక్. వెనక బంపర్ ఒక పక్క ఊడి వేలాడుతోంది, డిక్కీ మూత పడటం లేదు. ముందు నంబర్ ప్లేటు వంగింది, బంపర్ మీద చేతి వెడల్పు గీత, ఎడమ హెడ్‌లైటు కొంచెం లోపలికి పోయినట్టుంది. ఇంజన్ స్టార్ట్ అవుతోంది.

అసలు తలనొప్పి ఏమిటంటే, ఆ సెడాన్ అబ్బాయి చెడ్డవాడిలా లేడు. బండి వాళ్ల అన్నయ్యదట, వణికిపోతున్నాడు. "అక్కా, ఎనిమిది వేలు ఇప్పుడే ఫోన్లో కొట్టేస్తా, ఇక ఏ కంప్లయింటూ లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అంటున్నాడు. పండగ పూట పోలీసులూ స్టేషన్లూ మనకెందుకు, తీసుకోమని మా అత్తగారు. పాలసీ రెన్యువల్ వచ్చే నెలే. ఇప్పటిదాకా ఒక్క క్లెయిమూ చేయలేదు, 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నడుస్తోంది. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే అదంతా పోతుందట కదా? డబ్బు తీసుకుని మెల్లగా నడుపుకుంటూ వెళ్లిపోనా?

ఇంకోటి. డిక్కీ కింద ఎర్రగా ఏదో కారుతోంది. త్వరగా చెప్పండి.

సూర్యాపేట_డీజిల్:

మేడమ్, పైసల ముచ్చట తర్వాత. ముగ్గురూ బండి దిగిండ్రా? దిగకపోతే ఎడమ పక్క నుంచి దిగి, రోడ్డు పక్కన ఇనుప రెయిలింగ్ అవతలికి పోయి నిలబడుండ్రి. బండి వెనకాల మాత్రం ఎవరూ నిలబడొద్దు. పండుగ ట్రాఫిక్‌ల ఒకసారి గుద్దిన బండిని ఇంకొకడు వచ్చి గుద్దుడు ఈ రోడ్డు మీద మాకు కొత్త కాదు.

రెండు బండ్లు ఉన్నకాడనే ఉంచి నాలుగు ఫొటోలు తియ్యండి: నంబర్ ప్లేట్లు, రోడ్డు, రెండు బండ్ల నడిమి దూరం కనపడాలె. తర్వాత 1033 కి కొట్టుండ్రి. అది హైవే వాళ్ల నంబర్, టోల్ నుంచి పెట్రోలింగ్ బండి, క్రేన్ పంపిస్తరు. వాళ్లు మీ బండిని లైన్ల నుంచి పక్కకు తీస్తరు. ఎర్ర ట్రయాంగిల్ స్టెప్నీ దగ్గర ఉంటది, పిల్లగాడిని పంపకుండా ఆ సెడాన్ తమ్ముడినే వెనకకు నడిచి పెట్టమనుండ్రి. నేను బయల్దేరిన. లొకేషన్ నాకు మెసేజ్ పెట్టుండ్రి.

ఆటోనగర్_బాబాయ్:

అమ్మాయ్, ఇంజన్ ఆపు. మళ్లీ స్టార్ట్ చేసి చూడొద్దు.

డిక్కీ కింద కారేది కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అయ్యే అవకాశం లేదు, మీ బండికి రేడియేటర్ ముందుంటుంది. పెట్రోల్ వాసన వస్తే మాత్రం అందరూ ఇంకా దూరం వెళ్లండి, సిగరెట్ వాడెవడైనా ఉంటే తరిమెయ్. వాసన లేకపోతే అది తర్వాత చూద్దాం. ముందు వైపు వంగి బంపర్ కింద చూడు. ఏసీ నీళ్లు రంగు లేకుండా, మామూలు నీళ్లలాగే ఉంటాయి. రంగు ఉండి, వేళ్ల మధ్య జిడ్డుగా జారితే అది కూలెంట్. వేడిగా ఉంటుంది, ముట్టుకునే ముందు ఆగు. రేడియేటర్ మూత అసలు తిప్పకు.

పటమట_పిల్ల:

బాబాయ్ గారూ, డిక్కీ కింద కారింది ఆవకాయ నూనె. జాడీ పగిలింది. అత్తగారు బండి గురించి కంటే దాని గురించే ఎక్కువ బాధపడుతున్నారు, మే నెలలో ఆవిడ స్వయంగా కలిపింది. కానీ మీరు చెప్పిన చోట చూస్తే ముందు ఎడమ పక్క గులాబీ రంగు చుక్కలు పడుతున్నాయి. టిష్యూ పెట్టి చూశాను, జిడ్డుగానే ఉంది. పెట్రోల్ వాసన లేదు. 1033 వాళ్లు వస్తామన్నారు. అందరం రెయిలింగ్ అవతలే ఉన్నాం.

వనస్థలి_వ్యాగన్:

నా మాట నచ్చకపోవచ్చు కానీ చెప్తా. నేనైతే ఎనిమిది వేలు తీసుకుంటా. రెండు బంపర్లు టింకరింగ్ చేసి పెయింట్ వేయడానికి బయట షాపులో అంతే అవుతుంది. క్లెయిమ్ అంటే నష్టం లెక్కగట్టే సర్వేయరు, వర్క్‌షాపు చుట్టూ తిరగడం, బోనస్ గోవిందా. ఆ కుర్రాడి అన్నయ్య రేపు ఫోన్ ఎత్తకపోతే ఆ ఎనిమిది కూడా ఉండదు.

పాలసీ_పంతులు:

వ్యాగన్ అన్న చెప్పింది గీతలు పడ్డ బండికి సరిపోతుంది. కూలెంట్ కారుతున్న బండికి కాదు. బోనస్ భయం అందరిదీ కాబట్టి లెక్క వేసి చూపిస్తా.

ఇప్పుడు 45 శాతం అంటే క్లెయిమ్ లేకపోతే వచ్చే నెల 50 అవుతుంది, అదే పైమెట్టు. క్లెయిమ్ చేస్తే సున్నా నుంచి మొదలు, తర్వాత ఏడాదికొక మెట్టు: 20, 25, 35, 45, 50. బోనస్ మన బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం మీద కాదు. మీ బండికి బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుందాం, పాలసీలో చూసి మీ అంకె వేసుకోండి. మొదటి ఏడాది నష్టం 4,000. రెండో ఏడాది 30 శాతం తేడా, 2,400. ఆపైన వరసగా 2,000, 1,200, 400. మొత్తం పది వేలు, అదీ ఐదేళ్లలో. బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే. దీనికి కంపల్సరీ డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో మీరే పెట్టుకోవాల్సిన వాటా, కలపండి. 1500 సీసీ లోపు కార్లకి వెయ్యి రూపాయలు. అంటే రిపేరు పదకొండు వేలు దాటితే క్లెయిమే లాభం. రేడియేటర్, దాని ముందున్న ఏసీ కండెన్సర్, ఒక హెడ్‌లైటు కలిస్తేనే ఆ గీత దాటిపోతుంది.

జీరో డెప్, అంటే భాగాల అరుగుదలకి కోత వేయని యాడ్ ఆన్, ఉందా మేడమ్? లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే ఇస్తారు. మీ బండి వయసుకి ఇనుప రేకులకి 35 శాతం కోస్తారు. గాజుకి కోత ఉండదు.

ఇక ఆ కాగితం. దాని మీద సంతకం పెట్టకండి. మీకు డబ్బు ఇచ్చాక, తప్పు చేసిన వాడి దగ్గర వసూలు చేసుకునే హక్కు మీ కంపెనీకి వస్తుంది. మీరు ముందే "ఏమీ అక్కర్లేదు" అని రాసిస్తే సర్వేయరు దాన్నే పట్టుకుంటాడు. పైగా అత్తగారికి రేపు పొద్దున మెడ పట్టేస్తే? వెనక నుంచి తగిలిన దెబ్బకి మెడ నొప్పి మర్నాడు బయటపడటం మామూలే. ఎవరికీ దెబ్బ లేని చిన్న గుద్దుడుకి మీ సొంత డ్యామేజ్ క్లెయిమ్ కోసం ఎఫ్ఐఆర్ అడగరు సాధారణంగా. మనిషికి దెబ్బ ఉందంటే పోలీసులకి చెప్పాల్సిందే.

అబ్బాయి లైసెన్సు, ఆర్‌సీ, పాలసీ మూడూ ఫొటో తీసుకోండి. కోప్పడాల్సిన పని లేదు. అతని థర్డ్ పార్టీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా ఉంటుంది, కానీ అది రాబట్టాలంటే ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ఇంత చిన్నదానికి ఎవరూ వెళ్లరు. మీ చేతి నుంచి పోయే డిడక్టిబుల్, టోయింగ్ లాంటివి ఇవ్వమని అడగండి, అది న్యాయం. డాష్‌క్యామ్ ఉంటే కార్డు ఇప్పుడే తీసి పర్సులో పెట్టుకోండి. అది తిప్పి తిప్పి పాత వీడియో మీదే రికార్డు చేస్తుంది.

వనస్థలి_వ్యాగన్:

ఐదేళ్లకీ కలిపి పది వేలేనా! మా ఏజెంటు మాత్రం బోనస్ పోతే ఇల్లు మునిగినట్టు చెప్పాడు. సరే, కూలెంట్ సంగతి నేను చూడలేదు, క్లెయిమ్ చేసుకోండి.

ఆటోనగర్_బాబాయ్:

వెనక సంగతి కూడా ఒకటుంది. డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ తీసి, అది కూర్చునే గుంటలో రేకు చూడు. మడతలు పడి ఉంటే దెబ్బ బంపర్ దాటి బాడీ దాకా పోయినట్టు. బంపర్ ప్లాస్టిక్, మళ్లీ ఉబ్బి బయటికి వస్తుంది, లోపల రేకు ఆ పని చేయదు. ఆటోనగర్‌లో నా దగ్గరికి ఎనిమిది వేలు జేబులో పెట్టుకుని వచ్చి, మ్యాట్ ఎత్తగానే మొహం మాడ్చుకున్న వాళ్లని చాలామందిని చూశా.

ఆటోమేటిక్ అన్నావు కదా. క్రేన్ వాడు పక్కకి తీసేవరకు సరే. దూరం లాక్కెళ్లేటప్పుడు ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లకూడదు, గేర్‌బాక్స్ పోతుంది. బండిని మొత్తం పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ అడుగు.

సూర్యాపేట_డీజిల్:

చేరిన. అందరు మంచిగనే ఉన్నరు. అత్తమ్మ నాకు అరిసెలు కూడా పెట్టింది.

బాబాయ్ చెప్పినట్టే స్టెప్నీ గుంటల మూడు మడతలు. ముందు బంపర్ కింది ప్లాస్టిక్ జర వంచి టార్చ్ కొట్టి చూసినం, కండెన్సర్ వెనకకు పోయి రేడియేటర్‌కు ఆనింది. రేడియేటర్ ఎడమ మూలకు చీలింది. గిట్ల నడిపితే బండి నకిరేకల్ కూడా చేరదు, ఇంజన్ సీజ్ అయితే దానికి ఇన్సూరెన్స్ వాళ్లు రూపాయి ఇయ్యరు, లీక్ ఉందని తెలిసి నడిపిండ్రు అంటరు. హైదరాబాద్ ఇంకా నూరు కిలోమీటర్ల పైనే. అందుకని వెనకకే, సూర్యాపేటల వీళ్ల కంపెనీ వర్క్‌షాప్‌కు పోదామన్న. మామూలు పాలసీల టోయింగ్‌కు 1,500 వరకే ఉంటది, మేడమ్‌కు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంది కాబట్టి ఫ్లాట్‌బెడ్ వాళ్లే పంపుతున్నరు. ఊడిన బంపర్ జిప్ టైలతోని కట్టిన, డిక్కీకి తాడు.

తమ్ముడితోని మాట్లాడిన. భయపడ్డడు అంతే. వాళ్ల అన్నకు నేనే ఫోన్ చేసి సంగతి చెప్పిన. కాగితాలన్నీ ఇచ్చిండు, డిడక్టిబుల్ ఇస్తనన్నడు. మేడమ్ వాళ్లను నకిరేకల్ కాడ బస్సు ఎక్కిస్త.

పటమట_పిల్ల:

ఇల్లు చేరాం. పంతులు గారు అన్నట్టే మర్నాడు పొద్దున అత్తగారికి మెడ తిప్పడం కష్టమైంది. డాక్టరు చూసి కండరం పట్టేసిందన్నారు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఆ చీటీ దాచాను.

క్లెయిమ్ రోడ్డు మీదే యాప్‌లో పెట్టేశాను. సర్వేయరు వచ్చి చూసేదాకా ఏదీ విప్పొద్దని వర్క్‌షాపు వాళ్లకి డీజిల్ అన్నయ్య ముందే చెప్పి ఉంచారు. ఎస్టిమేట్ 68,000 వచ్చింది. రెండు బంపర్లు, రేడియేటర్, కండెన్సర్, డిక్కీ తలుపు, వెనక ప్యానెల్, హెడ్‌లైటు. జీరో డెప్ ఉంది. కన్స్యూమబుల్స్ యాడ్ ఆన్ లేదు, కాబట్టి కూలెంట్, ఏసీ గ్యాస్, క్లిప్పుల ఖర్చు మాదేనట. అది రెండు వేల లోపే అన్నారు. వెయ్యి అబ్బాయి పంపాడు, ఏ కాగితమూ అడగలేదు.

ఒక్కటే సందేహం మిగిలింది. హెడ్‌లైటు అద్దం, లోపలి భాగం బాగానే ఉన్నాయి, బాడీకి బిగించే చెవి ఒక్కటే విరిగింది. సర్వేయరు అది అతికించవచ్చు, కొత్తది అక్కర్లేదంటున్నారు. వర్క్‌షాపు వాళ్లు మార్చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్_బాబాయ్:

చెవి ఒక్కటే అయితే కొన్ని మోడళ్లకి కంపెనీయే రిపేర్ కిట్ అమ్ముతుంది, స్క్రూలతో బిగించేది. మీ బండికి దొరుకుతుందేమో పార్టుల కౌంటర్లో అడుగు. దొరికితే సర్వేయరుదే రైటు. లేక వేడి చేసి అతికిస్తానంటే ఒప్పుకోకు, గుంటల రోడ్డు మీద లైటు ఊగి, ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. ఆ మాటే ఈమెయిల్లో రాసి సర్వేయరుకి పంపు. బండి తీసుకునేటప్పుడు సాయంత్రం వెళ్లు, గోడకి ఎదురుగా పెట్టి రెండు లైట్లూ ఒకే ఎత్తులో పడుతున్నాయో లేదో చూసుకునే సంతకం పెట్టు.